పాత కొయ్య పడవను బాగుచేసుకోవడం, పెద్ద లారీ నుంచి చిన్న బండికి మారడం: ఏ పని ముందు, ఏ పని తరువాత

చెన్నై తిరువొత్తియూరులో మాకు రెండు తరాలుగా కలప కొట్టు ఉంది. నాన్నగారి కాలంలో పెద్ద పెద్ద దూలాలు లోడ్లకు లోడ్లు దిగేవి కాబట్టి ఆరు చక్రాల లారీ అవసరమైంది. ఇప్పుడు వ్యాపారం తలుపు చట్రాలు, ప్లైవుడ్, నాలుగైదు పలకల చిల్లర బేరాలకు తగ్గడంతో ఆ లారీ వారంలో ఐదు రోజులు కొట్టు ముందు ఊరికే నిలబడి ఉండేది. దానిని అమ్మి చిన్న బండి తీసుకోవాలని నిర్ణయించుకున్న ఏడాదే, పులికాట్ ఒడ్డున సరుగుడు చెట్ల కింద పదేళ్లుగా బోర్లించి ఉన్న మా మేనమామగారి 16 అడుగుల కొయ్య పడవను బాగుచేసే బాధ్యత కూడా నా మీద పడింది. ఈ రెండు పనులకూ సంబంధం లేదని మొదట అనుకున్నాను. నిజానికి ఏది ముందు చేస్తామన్న దాని మీదే ఖర్చు, శ్రమ, పడవ మన్నిక ఆధారపడి ఉంటాయి. మా వైపు పడవలు, కలప, సరుకు బండ్లతో బతికే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి, అలాంటి స్థితిలో ఉన్నవారికి పనికివస్తుందని నేను చేసిన క్రమాన్ని, చేసిన తప్పుతో సహా, వివరంగా రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసిన మాట ఒకటే. పడవ పని పూర్తయి అది మళ్లీ నీళ్లలోకి దిగేంత వరకు పెద్ద లారీని అమ్మకండి. పడవను ఒడ్డు నుంచి షెడ్డుకు తేవడానికి, పొడవాటి పలకలను కోత మిల్లు నుంచి మోయడానికి, చివరికి పడవను తిరిగి ఒడ్డుకు చేర్చడానికి పొడవైన బాడీ ఉన్న బండి కనీసం మూడుసార్లు అవసరమవుతుంది. అదే సమయంలో, రేపు కొనబోయే చిన్న బండిని పడవ పొడవును దృష్టిలో పెట్టుకుని కొనవద్దు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కదిలే వస్తువు కోసం ఏడాది పొడవునా పెద్ద బండి డీజిల్ భరించడం తెలివైన పని కాదు. దాని లెక్క కింద చెబుతాను.

కాలం ఎంచుకోవడంతో పని మొదలవుతుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో కొయ్య ఆరదు, రంగు పట్టదు. సంక్రాంతి దాటగానే పడవను నీడకు చేర్చి, మార్చి చివరికి వడ్రంగి పని ముగించేలా చూసుకోవాలి. అందుకు వాతావరణం ఒక్కటే కారణం కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లకు చేపల వేట నిషేధం ఉంటుంది, కాశిమేడు రేవులోని బోట్లన్నిటికీ మరమ్మతులు ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. ఆ సమయంలో పడవ పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టం, దొరికినా మీ చిన్న పడవకు ఆయన పూర్తి రోజు ఇవ్వలేరు. అందుచేత డిసెంబరులోనే వెళ్లి మాట్లాడుకుని, కొంత బయానా ఇచ్చి, జనవరి రోజులు ఖాయం చేసుకోవడం మంచిది. మేడలకు తలుపులు చేసే వడ్రంగి ఎంత నేర్పరి అయినా ఈ పనికి చాలడు. ఇంటి పనిలో కొయ్య కదలకుండా చూస్తారు, పడవ పనిలో అది నీళ్లు తాగి ఉబ్బుతుందని ముందే లెక్కవేసి పలక బిగిస్తారు.

పడవను ఎత్తేటప్పుడు రెండు కొనలను పట్టి లేపితే నడుము విరిగే ప్రమాదం ఉంది. వెడల్పాటి నాడాలను మూడు చోట్ల అడుగు దూలం కిందుగా పోనిచ్చి, బరువు అన్నింటి మీదా సమంగా పడేలా ఎత్తాలి. షెడ్డులో నిలబెట్టేటప్పుడు కూడా అడుగు దూలం కింద నాలుగైదు చోట్ల ఆధారాలు పెట్టి, ఒక దారాన్ని ముందు కొన నుంచి వెనుక కొన వరకు బిగించి కట్టి, దూలం ఎక్కడైనా కుంగిందో పైకి లేచిందో చూసి దిమ్మెలు సరిచేయాలి. ఆ దిమ్మెలు నేల మీద నేరుగా ఆనకూడదు. వాటి కింద ఇటుకలో రాతి పలకలో లేకపోతే నెల తిరిగేసరికి చెదలు పడతాయి. పైకప్పుగా రేకుల కంటే తాటాకు పందిరి మేలు. రేకు కింద వేడికి పలకలు తొందరగా ఎండి నిలువునా చీలిపోతాయి. పడవ ఆరాలి గాని మాడిపోకూడదు కాబట్టి, గాలి బాగా ఆడేలా ఉంచి, ఎండ తిరిగే వైపు తడి గోనెసంచులు వేలాడదీయండి.

తరువాత ఏ పలకా ఊడదీయకముందే పడవ మొత్తాన్ని కొలిచి నమోదు చేసుకోవాలి. అడుగుకు ఒక చోట వెడల్పు, లోతు కొలిచి నోట్‌బుక్కులో రాసి, లోపలి వంపులకు మందపాటి అట్టతో నమూనాలు కత్తిరించి, ప్రతి దాని మీద అంకె వేసి పెట్టుకోండి. ఈ పనికి ఒక రోజంతా పట్టినా విసుగు చెందవద్దు. పక్కటెముకలు, అంటే పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కొయ్యలు, తీసేసిన తరువాత పడవ తన రూపాన్ని తనంతట తాను గుర్తుంచుకోదు. అందువల్లనే పాత ఎముకలన్నిటినీ ఒకేసారి తీయకుండా, మూడింటిలో ఒకటి చొప్పున తీసి, దాని స్థానంలో కొత్తది బిగించిన తరువాతే తదుపరి దాని మీద చేయి వేయాలి.

పరీక్షకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. చెప్పులు కుట్టేవారు వాడే ఆరె ఒకటి, కొయ్య సుత్తి ఒకటి చాలు. మా మేస్త్రి గారు నెల్లూరు వైపు నుంచి వచ్చి కాశిమేడులో స్థిరపడిన పెద్దాయన. ఆయన మొదటి రోజు ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు పనిముట్టు ఏదీ పట్టకుండా పడవ చుట్టూ తిరుగుతూ ప్రతి జానెడుకూ ఒకసారి సుత్తితో తట్టి చెవి ఆనించి విన్నారు. బాగున్న పలక గంటలాగా గట్టిగా మోగింది. కుళ్లిన చోట సొరకాయ మీద తట్టినట్లు చప్పుడు మొద్దుగా వచ్చింది. అలా వచ్చిన చోటల్లా సున్నంతో గుర్తు పెట్టి, తరువాత ఆరె మొనను గుచ్చి చూశారు. గట్టి కొయ్యలో మొన ఒక నూలు లోతు కూడా దిగదు. ముందు కొన దగ్గర ఒక చోట మాత్రం పిడి వరకు దిగిపోయి, బయటికి లాగినప్పుడు మొనకు కాఫీ పొడి లాంటి ముదురు గోధుమరంగు పొట్టు అంటుకుని వచ్చింది.

ఆ కుళ్లు ఎక్కడ వస్తుందో తెలిసి వెతికితే సగం శ్రమ తప్పుతుంది. చాలామంది పడవను పాడుచేసేది ఉప్పునీరు అనుకుంటారు. కుళ్లు పుట్టించే బూజుకు ఉప్పునీరు గిట్టదు, పడవకు అసలు శత్రువు లోపల నిలిచిపోయే వాననీరు. కొయ్యలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉంటే ఆ బూజు పెరగలేదు. కాబట్టి గాలి ఆడని మూలలు, కూర్చునే అడ్డపలకల కింది భాగాలు, పలకల కొనలు, ముందు కొన లోపలి సందు, పక్కటెముకల కింద నీరు పారడానికి తొలిచిన చిన్న కన్నాలు మూసుకుపోయిన చోట్లు ముందుగా చూడాలి. మా పడవలో కుళ్లిన ఏడు చోట్లలో ఐదు ఈ కన్నాలు బురదతో పూడుకుపోయిన చోట్లే. పని ముగిశాక ఆ కన్నాలన్నిటిలో ఒక సన్నని నైలాన్ తాడు పోనిచ్చి వదిలితే, అప్పుడప్పుడు అటూ ఇటూ లాగి వాటిని శుభ్రంగా ఉంచుకోవచ్చు.

రెండో శత్రువు కొయ్యను తొలిచే పురుగు. చూడటానికి పురుగులా ఉంటుంది గాని అది ఆల్చిప్పల జాతికి చెందిన జీవి. పసితనంలో గుండుసూది మొన పట్టేంత రంధ్రం చేసి లోపలికి దూరి, అక్కడే పెరుగుతూ, పలక పొడవునా వేలు దూరేంత సొరంగాలు తవ్వి, వాటి గోడలకు తెల్లటి సున్నపు పూత పూస్తుంది. పైనుంచి చూస్తే పలక నున్నగానే కనిపిస్తుంది కాబట్టి, అనుమానం ఉన్న చోట నీటిగీత కిందుగా సన్నని బరమాతో ఒక రంధ్రం వేసి, వచ్చిన పొట్టులో తెల్లటి పొడి ఉందేమో చూడండి. మన పెద్దలు ప్రళయ కావేరి అని పిలిచే పులికాట్ సరస్సులో నీరు వానాకాలంలో దాదాపు మంచినీరై, వేసవిలో సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. ఈ జీవి మంచినీటిలో బతకలేదు కాబట్టి, పడవలను కొన్ని వారాలపాటు మంచినీటిలో ఉంచడం పాతకాలపు విరుగుడు. పదేళ్లు ఒడ్డున ఉన్న మా పడవలో పురుగు చచ్చిపోయి సొరంగాలు మాత్రం మిగిలాయి. అలాంటి పలకను పూడ్చి వాడుకోవడం వృథా ప్రయత్నం, దానిని మార్చవలసిందే.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. అడుగు దూలం నిటారుగా, గట్టిగా ఉండి, పలకల్లో మూడో వంతు వరకు, ఎముకల్లో సగం వరకు మార్చవలసి వస్తే పడవ బాగుచేయదగినదే. దూలమే మధ్యలో కుళ్లి, పడవ రూపం తప్పి ఉంటే, దానిని బాగుచేయడం అంటే కొత్త పడవ కట్టడమే అవుతుంది. అప్పుడు పాత పడవను నమూనాగా పెట్టుకుని కొత్తది కట్టించుకోవడం నిజాయితీ గల మార్గం.

కలప విషయంలో నాకున్న అనుభవం కొద్దీ కొంచెం ఎక్కువగా రాస్తాను. పలకలకు టేకు మించినది లేదు, అయితే టేకు అన్న పేరు చూసి కొనకూడదు. చెట్టు పైపొరలో ఉండే తెల్లని కొయ్య టేకుదైనా నాలుగేళ్లు నిలవదు. కాబట్టి చేవ మాత్రమే ఉన్న పలకలను, కణుపులు లేనివి, పోగు నిలువుగా సాగినవి ఏరుకోవాలి. చూళై దగ్గర సిడెన్‌హామ్స్ రోడ్డులోని కలప అంగళ్లలో కొత్త కలప దొరుకుతుంది. నేను మాత్రం కూల్చిన పాత మేడల నుంచి వచ్చిన బర్మా టేకు దూలాలకే మొగ్గు చూపుతాను. అవి దశాబ్దాల పాటు ఆరి ఉంటాయి కాబట్టి కోసిన తరువాత మెలి తిరగవు. వాటిలో విరిగిన మేకులు దాగి ఉంటాయి గనుక మిల్లుకు పంపే ముందు లోహాన్ని పసిగట్టే చేతి పరికరంతో వెతకాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి, మిల్లువారు ఆ ఖర్చు మీ మీదే వేస్తారు. పక్కటెముకలకు నల్ల తుమ్మ మంచిది. సహజంగా వంగి పెరిగిన కొమ్మను ఎంచుకుని ఆ వంపు వెంబడే కోస్తే పోగు తెగదు, బలం తగ్గదు. తిన్నని కొయ్యను వంపుగా కోసి చేసిన ఎముక మొదటి పెద్ద అలకే పోగు వెంట చీలుతుంది. వంపు కొమ్మలు దొరకకపోతే సన్నని బద్దలను ఆవిరి పెట్టెలో ఉడికించి వంచవచ్చు. అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పట్టాలి, బయటికి తీసిన తరువాత నిమిషం లోపల బిగించాలి. అడుగున పరిచే పలకలకు ప్లైవుడ్ వాడదలిస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్నదే తీసుకోండి. ఇంటి బీరువాలకు వాడే ఐఎస్ 303 రకం ఇక్కడ నిలవదు.

కుళ్లిన పలకను మొత్తం మార్చనవసరం లేని చోట, పాడైన ముక్కను కోసి కొత్త ముక్కను ఏటవాలుగా అతుకు వేయవచ్చు. ఆ ఏటవాలు పొడవు పలక మందానికి 8 రెట్లకు తగ్గకూడదు, 12 రెట్లు ఉంటే ఇంకా మంచిది. అంగుళం పలకకు అడుగు పొడవు అతుకు అన్నమాట. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఎపాక్సీ జిగురు పూసే ముందు అసిటోన్ తడిపిన గుడ్డతో అతుకు ముఖాలను తుడవాలి. కొయ్య బాగా ఆరి ఉంటేనే ఆ జిగురు పడుతుందని కూడా మరచిపోవద్దు.

పాత ఇనుప మేకు లాగినప్పుడు దాని చుట్టూ కొయ్య నల్లబడి మెత్తగా ఉంటే, తుప్పు కొయ్యను తినేసిందని అర్థం. ఆ రంధ్రంలోనే కొత్త మేకు కొడితే అది పట్టు నిలుపుకోదు. నల్లని భాగాన్ని తొలిచి, అదే కొయ్యతో చేసిన బిరడాను జిగురుతో దిగ్గొట్టి, పక్కన కొత్త రంధ్రం వేయాలి. కొత్తగా బిగించేవాటికి రాగి మేకు, దాని కొనకు రాగి బిళ్ల తొడిగి లోపలి వైపు మడిచి కొట్టే పద్ధతి అన్నిటికంటే నమ్మకమైనది. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుస్తుంది కాబట్టి చాలామంది దానినే అడుగుతారు గాని, గాలి తగలని తడి కొయ్య లోపల అది కంటికి కనిపించకుండా గుంటలు పడి తినేయబడుతుంది. రాగినీ ఇనుమునూ పక్కపక్కన వాడితే ఉప్పునీటిలో ఇనుము త్వరగా కరిగిపోతుంది గనుక ఒకే లోహానికి కట్టుబడి ఉండాలి.

పలకల మధ్య సందులను నూలుతోనో పీచుతోనో కూరి మూసే పనిని పడవ వడ్రంగులు కలాపత్తు అంటారు. నేను తప్పు చేసింది ఇక్కడే. మేస్త్రి గారు ఊరికి వెళ్లిన వారంలో, తొందరపడి, బాగా ఎండి విచ్చుకున్న సందులను చూసి అవన్నీ ఎపాక్సీ ముద్దతో గట్టిగా నింపేశాను. పైకి చూస్తే పని ఎంతో చక్కగా కనిపించింది. కొట్టు వెనుక తొట్టెలో నీళ్లు నింపి పడవను పరీక్షగా దించిన మూడో రోజు రాత్రి రెండు కొత్త ఎముకలు పటపటమని విరిగాయి. పలకలు నీళ్లు తాగి ఉబ్బినప్పుడు వాటికి చోటు లేక ఒకదానినొకటి నెట్టుకున్నాయి, ఆ నెట్టుడు ఎముకల మీద పడింది. మేస్త్రి గారు తిరిగి వచ్చి చూసి, కోపపడకుండా, "బాబూ, ఎండిన పడవకు దాహం ఎక్కువ. తాగాక అది ఎంత లావవుతుందో అంత చోటు మనం ఉంచాలి" అన్నారు. ఆ ముద్దనంతా ఉలితో చెక్కి తీయడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది.

సరైన పద్ధతి ఇది. సందులోకి వదులుగా పేనిన నూలు పోగును మొద్దు ఉలితో, తేలికపాటి దెబ్బలతో, పలక మందంలో సగం లోతు వరకు మాత్రమే దించాలి. దాని మీద గుగ్గిలం పొడిని నూనెలో కాచి చేసిన మెత్తని ముద్దను పూయాలి. గుగ్గిలం ఎక్కువైతే ముద్ద పెళుసై రాలిపోతుంది, నూనె ఎక్కువైతే ఎండకు కారిపోతుంది. చల్లారిన ముద్దను వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా నిండాలి, అదే పాకం. కాచే పని ఆరుబయట, పడవకు దూరంగా, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని చేయాలి.

ఇదే కారణంతో, పడవ మొత్తానికి పైనుంచి ఫైబర్ గ్లాస్ తొడుగు వేయించమని ఎవరైనా సలహా ఇస్తే, పాత పలకల పడవ విషయంలో నేను వద్దనే చెబుతాను. తొడుగు కింద పలకలు కదులుతూనే ఉంటాయి. ఎక్కడో ఒక చోట పగులు వచ్చి నీరు లోపలికి దిగి, బయటికి వచ్చే దారి లేక, కొయ్యను కనిపించకుండా కుళ్లబెడుతుంది.

రంగు గీకేటప్పుడు జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) పరిమితం చేసే నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. పాత పడవ మీద ఉన్న పొరల్లో, ముఖ్యంగా ఎర్ర సిందూరపు అస్తరులో, సీసం దండిగా ఉంటుంది. పొడిగా రుద్దకుండా తడిపి గీకాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి, గీకిన పొట్టును పోగుచేసి మూటకట్టాలి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. లోపలి వైపు రంగు కంటే నూనె మంచిది. అవిసె నూనె పూస్తే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అవి ఆరే క్రమంలో వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. కలప కొట్టులో అలాంటి గుడ్డ ఒక్కటి చాలు. వాటిని నీళ్లలో ముంచి, విప్పి ఆరవేయాలి. జీడిగింజల పెంకు నూనె పడవకు మంచి రక్షణే గాని చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టవద్దు.

నీళ్లలోకి దించిన మొదటి రోజు పడవ కారుతుంది, కంగారు పడవద్దు. లోతు తక్కువ చోట తాడుతో కట్టి, రెండు మూడు రోజులు నీరు తోడుతూ ఉంటే పలకలు ఉబ్బి సందులు వాటంతట అవే మూసుకుంటాయి. నాలుగో రోజు కూడా ధారగా కారుతున్న చోటు ఉంటే అది మాత్రమే మళ్లీ కూరాలి. పడవకు మోటారు పెట్టదలిస్తే, 2021 నాటి లోతట్టు జలయానాల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు నమోదు తప్పనిసరి అని గమనించండి.

ఇప్పుడు బండి సంగతి. మా నోట్‌బుక్కులోంచి మూడు నెలల డెలివరీ చీటీలు తీసి ప్రతి దాని బరువు, పొడవు రాసుకున్నాను. మీరూ అలాగే చేయండి, ఊహ మీద ఆధారపడకండి. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 నుంచి 19 కిలోలు తూగుతుంది కాబట్టి చీటీలోని కొలతల నుంచి బరువు తేలిగ్గా తెలుస్తుంది. పది లోడ్లలో ఎనిమిది లోడ్లు 700 కిలోల లోపే ఉన్నాయని చూసి నేనే ఆశ్చర్యపోయాను. అదే లెక్కతో పడవ బరువు కూడా కట్టాను. పలకలు, ఎముకలు, దూలం కలిపి సుమారు 250 కిలోలు తేలింది. బరువు చూస్తే టాటా ఏస్ కూడా మోయగలదు. దాని బాడీ పొడవు సుమారు 7 అడుగులు, పడవ 16 అడుగులు. మిగిలిన 9 అడుగులు వెనుక వేలాడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షను కింద బాడీ దాటి బయటికి వచ్చిన సరుకుకు 20,000 రూపాయల జరిమానా ఉంది, ఆ సరుకును అక్కడే దింపించే ఖర్చు కూడా మనదే. ఎర్ర గుడ్డ కట్టుకుంటే చాలన్న పాత అలవాటు ఇప్పుడు కాపాడదు. అందుకే పడవను కదిలించవలసి వచ్చినప్పుడు 17 అడుగుల బాడీ ఉన్న బండిని రోజు అద్దెకు తీసుకోవాలి, సొంతానికి మాత్రం రోజువారీ సరుకుకు తగిన బండి కొనాలి. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు పడుకోబెట్టి తీసుకుపోవాలి గనుక ఏస్ నాకు చాలలేదు, టన్నుంపావు మోసే పికప్పు తరగతి బండి సరిపోయింది. మన అవసరం పండ్లో, ప్యాకెట్లో అయితే ఏస్ తరగతి నిక్షేపంగా చాలు.

చిన్న బండి వల్ల కాగితాల భారం కూడా తగ్గుతుంది. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి చట్టంలోని 66వ సెక్షను ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఆ మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. కాబట్టి డ్రైవరు రాని రోజున మా తమ్ముడే బండి తీసుకుని వెళ్లగలుగుతున్నాడు. పికప్పుల్లో కొన్ని రకాలు 3,000 కిలోలు దాటుతాయి గనుక కొనేముందు ఆర్‌సీలో మొత్తం బరువు గడి చూడటం మరచిపోవద్దు.

పాత పికప్పు కొంటే, మా వంటి సముద్రపు గాలి తగిలే ప్రాంతంలో తిరిగిన బండికి ఇంజను కంటే ముందు ఛాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) కింద పడుకుని చూడాలి. బాడీని ఛాసిస్‌కు బిగించిన బోల్టుల చుట్టూ, కమాన్ పట్టీల (చక్రాల దగ్గరి స్ప్రింగు పట్టీల) కొనల దగ్గర, తుప్పు పొరలు పొరలుగా లేస్తున్నదేమో సుత్తితో తట్టి చూడండి. పడవకు పనికివచ్చిన చెవే ఇక్కడా పనికివస్తుంది. కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే అనుమానించండి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు అది తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి, 3522 అంటే 2022లో 35వ వారం. బండి ఎంత తిరిగిందని అమ్మేవారు చెబుతున్నారో ఈ అంకెలతో పోల్చి చూడవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుందన్న ఖర్చును కూడా ధరలో కలిపి ఆలోచించాలి. విడిభాగాలు పుదుపేటలో దొరుకుతాయన్న ధైర్యంతో మాత్రం తుప్పు పట్టిన ఛాసిస్ కొనకండి, అది విడిభాగం కాదు.

లారీ అమ్మే రోజున యాజమాన్యం మార్చే 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు చేసి తాళాలు ఇచ్చేసి ఊరుకోవద్దు. అమ్మిన సంగతిని రాష్ట్రం లోపలైతే 14 రోజుల్లో మనమే ఆర్‌టీఓ కార్యాలయానికి తెలియజేయాలి. నమోదు పేరు మారనంత కాలం ఆ లారీ చేసే ప్రమాదానికి నోటీసు మన ఇంటికే వస్తుంది. బ్యాంకు అప్పు తీరిపోయి ఉంటే 35వ నంబరు ఫారం ఇచ్చి ఆర్‌సీలో అప్పు గుర్తు తీసేయించాలి. ఫాస్టాగ్‌ను మూసేయించాలి, లేకపోతే కొత్త యజమాని దాటిన ప్రతి టోల్‌గేటు రుసుమూ మన ఖాతాలోంచి పోతుంది. ఇన్సూరెన్సులో క్లెయిము లేని ఏళ్లకు వచ్చే తగ్గింపు బండిది కాదు, యజమానిది. కంపెనీ నుంచి ఆ పత్రం తీసుకుంటే కొత్త బండి ప్రీమియంలో వాడుకోవచ్చు.

మేము లారీని ఏప్రిల్ మొదటి వారంలో, పడవను పులికాట్ ఒడ్డుకు చేర్చి వచ్చిన మూడో రోజున అమ్మాము. ఆ చివరి ప్రయాణంలో పడవను ఎలా కట్టామో చెబుతాను, అద్దె బండిలో కట్టేటప్పుడూ ఇదే పద్ధతి. బాడీ అడుగున పాత టైర్లు మూడు పరిచి, వాటి మీద అడుగు దూలం ఆనేలా పడవను నిటారుగానే కూర్చోబెట్టి, పక్కలకు ఇసుక మూటలు దట్టించాము. తాళ్లను పలకల అంచు మీదుగా బిగించకుండా వెడల్పాటి నాడాలను ఎముకలు ఉన్న చోటే పోనిచ్చి, కొయ్యకు తగిలే చోటల్లా గోనెసంచి మడతలు పెట్టాము. పది కిలోమీటర్లు వెళ్లాక ఆపి నాడాలు మళ్లీ బిగించాము. మొదటి కుదుపులకు పడవ సర్దుకుని నాడాలు తప్పకుండా వదులవుతాయి. ఆ తరువాత పొన్నేరి దగ్గర ఇంకోసారి చూసుకుంటే, ఒడ్డు చేరే వరకు మరి ఆగవలసిన పని లేకపోయింది.